ఆబ్‌గూష్త్: వండే తీరు, తినే పద్ధతి

ఫారసీలో 'ఆబ్' అంటే నీరు, 'గూష్త్' అంటే మాంసం. ఇరాన్‌లో ఆబ్‌గూష్త్ అనే ఈ మాంసం, గింజల వంటకాన్ని, అది ఉడికే రాతి లేదా మట్టి కుండ పేరు మీదుగా 'దీజీ' అని కూడా పిలుస్తారు.

నలుగురికి ఎముకతో కూడిన గొర్రె మాంసం 750 గ్రాములు, ముందు రాత్రి నానబెట్టిన కాబూలీ శనగలు, తెల్ల చిక్కుడు గింజలు చెరొక అర కప్పు, ఉల్లిపాయ, పసుపు వేసి, మునిగేలా నీళ్లు పోసి, పైకి తేలిన నురుగు తీసివేస్తూ సన్నని సెగపై సుమారు 3 గంటలు ఉడికించాలి. బొత్తిగా కొవ్వు లేని మాంసమైతే రసం చప్పగా తేలిపోతుంది. ఉప్పు, బంగాళాదుంపలు, టమాటాలు, గాట్లు పెట్టిన ఎండు నిమ్మకాయలు చివరి గంటలోనే వేయాలి. నిమ్మకాయలు ముందే వేస్తే చేదు దిగుతుంది.

అసలు విశేషం తినడంలో ఉంది. ముందుగా రసాన్ని గిన్నెలోకి వంచుకొని, 'సంగక్' అనే ఇరానీ రొట్టెను తునకలుగా తుంచి వేసి, అవి మెత్తబడి ఇంకా విడిపోకముందే చెంచాతో తినాలి. దీనిని 'తిలీత్' అంటారు. తరువాత కుండలో మిగిలిన వాటిలోంచి ఎముకలు ఏరి, మజ్జను మాత్రం తట్టి అందులోనే రాల్చి, 'గూష్త్‌కూబ్' అనే రోకలి వంటి పనిముట్టుతో మాంసం నారలు విడివడి ముద్ద అయ్యే వరకు దంచాలి. ఆ ముద్దను రొట్టెలో చుట్టి, తాజా ఆకుకూరలు, పుల్లని 'తోర్షీ' ఊరగాయ, పచ్చి ఉల్లిపాయలతో తింటారు. ఉల్లిపాయను కత్తితో కోయక పిడికిలితో చితకగొట్టేవారూ ఉన్నారు.