జాతరకు ముందే సర్వర్‌లో సిగ్నళ్లు సరిచూసుకోండి

మేడారంలో జనం పెరిగేకొద్దీ ఫోన్లలో సిగ్నల్ పోతుంది. నేను చెప్పేది ఆ సిగ్నల్ గురించి కాదు, సర్వర్‌ను నడిపే లినక్స్ మన ప్రోగ్రామ్‌కు పంపే సిగ్నళ్ల గురించి, అంటే ఏదో జరిగిందని ఇచ్చే చిన్న కబుర్ల గురించి. తమాషా ఏంటంటే, అది పోతేనే ఇది వస్తుంది.

హనుమకొండలో ఒక లాడ్జికి రూమ్ బుకింగ్ సర్వర్ సీ భాషలో రాసిచ్చాను. సమ్మక్క గద్దెకు వచ్చే రోజు సాయంత్రం అది పదే పదే పడిపోయింది. లాగ్ ఫైల్‌లో ఒక్క ముక్క లేదు. దాన్ని నడిపే షెల్ స్క్రిప్ట్ మాత్రం ఎగ్జిట్ కోడ్ 141 అని చూపించింది. సిగ్నల్ వల్ల పోతే షెల్ దాని నంబర్‌కు 128 కలిపి చూపిస్తుంది. అందులోంచి 128 తీసేస్తే 13, అంటే సిగ్‌పైప్, అవతల వినేవాడు లేని చోట రాస్తే వచ్చే సిగ్నల్. పేజీ రాక విసుగొచ్చి జనం బ్రౌజర్ మూసేస్తున్నారు, సర్వరేమో అదే సాకెట్‌లోకి, అంటే ఆ బ్రౌజర్‌తో ఉన్న కనెక్షన్‌లోకి, ఇంకా రాస్తోంది. మొదటిసారి రాస్తే అవతలి నుంచి రీసెట్ వస్తుంది. మళ్లీ రాస్తే సిగ్‌పైప్. సిగ్నల్ వస్తే ఏం చేయాలో చెప్పే ఫంక్షన్, అంటే హ్యాండ్లర్, లేకపోతే ప్రాసెస్ మొత్తం పోతుంది. ఒకడు క్యూలోంచి వెళ్లిపోయాడని కౌంటరే మూసేసినట్టు! లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ మామూలుగా సిగ్‌పైప్‌ను ఇగ్నోర్ చేయమని పెట్టే సర్వీసును మొదలుపెడుతుంది. నా టెస్టింగ్ దాని కిందే చేశాను, అందుకే ఇది బయటపడలేదు.

మెయిన్ ఫంక్షన్ మొదట్లోనే సిగ్‌పైప్‌ను ఇగ్నోర్ చేయండి. అప్పుడు సాకెట్‌లోకి రాసే రైట్ (write) కాల్ ఈపైప్ (EPIPE) అనే ఎర్రర్‌తో తిరిగొస్తుంది, ఆ ఒక్క సాకెట్ మూసేస్తే చాలు.

వేరే సిగ్నళ్లకు హ్యాండ్లర్ రాస్తే, అందులో ప్రింట్‌ఎఫ్ (తెరపై రాసేది), మాలాక్ (మెమరీ అడిగేది) వద్దు. మెయిన్ కోడ్ మాలాక్ లాక్ పట్టుకుని ఉండగా హ్యాండ్లర్ కూడా దాన్నే అడిగితే సర్వర్ అక్కడే బిగుసుకుపోతుంది. ముందే తెరిచిపెట్టుకున్న పైప్‌లోకి ఒక బైట్ రాసి వచ్చేయండి, మిగతా పని ఈపోల్ లూప్ (సాకెట్లలో, పైప్‌లో ఏమైనా వచ్చిందా అని కాచుకునే లూప్) చూసుకుంటుంది. సిగ్నల్ వచ్చినప్పుడు ఈపోల్ వెయిట్ మధ్యలో ఆగి ఎర్రర్‌తో తిరిగొస్తుంది. అది తప్పు కాదు, మళ్లీ పిలవండి. సర్వర్ పుట్టించిన చైల్డ్ ప్రాసెస్‌లు నాలుగు ఒకేసారి పోయినా, ఆ కబురు తెచ్చే సిగ్‌చైల్డ్ ఒక్కటే రావచ్చు, కాబట్టి పోయినవాటి లెక్క తీసుకునే వెయిట్‌పిడ్‌ను లూప్‌లో పెట్టాలి.

రీస్టార్ట్ అనగానే కిల్ మైనస్ 9 (సిగ్‌కిల్ పంపే కమాండ్) కొట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది, నాకూ ఉండేది. దాన్ని ఏ హ్యాండ్లరూ పట్టుకోలేదు. డబ్బు కట్టి రూమ్ నంబర్ కోసం చూస్తున్నవాళ్ల గతేంటి? దాని బదులు సిగ్‌టర్మ్, అంటే మర్యాదగా ఆగమని అడిగే సిగ్నల్, పంపండి. అది రాగానే కొత్త కనెక్షన్లు ఆపి, ఉన్నవి పూర్తిచేసి సర్వర్ బయటకు రావాలి. ప్రోగ్రామ్‌ను కంటెయినర్ అనే విడి పెట్టెలో నడిపే డాకర్ వాడితే, దాని స్టాప్ కమాండ్ మామూలుగా ఇచ్చేది 10 సెకన్లే, ఆపైన సిగ్‌కిలే. కంటెయినర్‌లో మీ ప్రోగ్రామ్ 1వ నంబర్ ప్రాసెస్ అయితే, హ్యాండ్లర్ పెట్టకపోతే సిగ్‌టర్మ్‌ను అసలు పట్టించుకోదు.

జాతరకు వారం ముందు సర్వర్‌ను స్క్రిప్ట్‌తోనే నడపండి. పేజీలు తెచ్చే కర్ల్ కమాండ్‌తో పెద్ద పేజీ అడిగి, సగంలో కంట్రోల్ సీ కొట్టండి. ఇరవైసార్లు చేసి ప్రాసెస్ నంబర్ చూడండి. మారిందంటే మధ్యలో సర్వర్ చచ్చింది, స్క్రిప్ట్ మళ్లీ లేపింది.