చలికాలం రాకముందే: కీళ్లవాతంతో పాటు ఊపిరితిత్తుల జబ్బూ ఉన్నవారికి

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తో పాటు ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు, అంటే ఐఎల్‌డీ కూడా ఉన్నవారికి చలికాలం అనగానే దగ్గు, ఫ్లూ, న్యుమోనియా గుర్తుకొస్తాయి. ఆ భయం సరైనదే. కానీ ఈ జబ్బులున్న కొందరిలో చడీచప్పుడు లేకుండా ఇంకోటి పెరుగుతుంది: పల్మనరీ హైపర్‌టెన్షన్. గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లే నాళాల్లో ఒత్తిడి పెరగడమే ఇది. చేతికి పట్టీ చుట్టి చూసే బీపీ ఎంత బాగున్నా ఇది ఉండొచ్చు. అప్పటికే అలసిపోయిన కుడి గుండెకు ఒక మామూలు ఫ్లూ కూడా మోయలేని బరువవుతుంది. అందుకే చలి మొదలవకముందే దీని సంగతి తేల్చుకోవాలి.

ఇది ఆలస్యంగా బయటపడటానికి ఒక పెద్ద కారణం కీళ్ల నొప్పులే. మోకాళ్లు సహకరించక మెట్లు ఎక్కడం మానేస్తాం, నడక తగ్గిస్తాం. శ్రమ లేకపోతే ఆయాసం ఎక్కడ తెలుస్తుంది? ఒకవేళ తెలిసినా "ఊపిరితిత్తుల జబ్బు ఉందిగా, అంతేలే" అనుకుంటాం. పోయిన ఏడాది ఇదే సమయంలో చేసిన పనులు ఒకసారి గుర్తు చేసుకోండి. స్నానం చేసి బట్టలు వేసుకునేసరికి ఇప్పుడు కూర్చోవాల్సి వస్తోందా? నడుస్తూ మాట్లాడలేకపోతున్నారా? నడుస్తుంటే మధ్యలో మిమ్మల్ని ఆపుతున్నది కీళ్లా, ఊపిరా? ఈ చివరి ప్రశ్నకు మీరిచ్చే జవాబు డాక్టరుకు చాలా పనికొస్తుంది. పాదాల వాపు, వంగినప్పుడు ఆయాసం, కళ్లు తిరగడం కొత్తగా వచ్చి ఉంటే అవీ చెప్పండి.

ఆయాసం పెరిగిందంటే ఎకో, అంటే గుండె స్కాన్ చేయించాలా అని డాక్టరును మీరే అడగండి. ఊపిరి పరీక్షల్లో డీఎల్‌సీఓ అనే అంకె ఉంటుంది, పీల్చిన గాలి ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి ఎంత బాగా చేరుతోందో అది చెబుతుంది. ఊపిరితిత్తుల పరిమాణం పెద్దగా తగ్గకుండా ఇదొక్కటే బాగా పడిపోతే రక్తనాళాల మీద అనుమానం రావాలి. 6 నిమిషాల నడక పరీక్ష కూడా మంచిదే, అయితే కీళ్ల నొప్పి వల్ల నడిచిన దూరం తగ్గొచ్చు కాబట్టి నడుస్తున్నప్పుడు ఆక్సిజన్ ఎంతకు పడిందో తప్పక చూడమనండి. ఎకో చెప్పేది అంచనా మాత్రమే. ఖాయం చేయడానికి గుండె కుడివైపు కాథెటర్ పరీక్ష, అంటే రక్తనాళం ద్వారా సన్నని గొట్టం పంపి ఒత్తిడి కొలవడం కావాలి. అందులో ఊపిరితిత్తుల నాళాల్లో సగటు ఒత్తిడి 20 మి.మీ. (పాదరసం కొలత) దాటితే పల్మనరీ హైపర్‌టెన్షన్ అంటారు. ఆ పరీక్ష అందరికీ అక్కర్లేదు, టెన్షన్ పడొద్దు.

ఇంట్లో పల్స్ ఆక్సిమీటర్ ఉంటే దాన్ని గుడ్డిగా నమ్మొద్దు. చలికి వేళ్లు చల్లబడితే, వంకర తిరిగిన వేలికి క్లిప్పు సరిగా పట్టకపోతే, గోళ్లరంగు ఉంటే అంకె తప్పుగా రావొచ్చు. ముదురు రంగు చర్మం ఉన్నవారిలో ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు. చేతులు వెచ్చచేసుకుని, నిటారుగా ఉన్న వేలికి పెట్టి, అంకె నిలకడగా నిలిచాక రాసుకోండి. బాగున్న రోజుల్లోనే, కూర్చున్నప్పుడు ఎంత, కాస్త నడిచాక ఎంత అని రాసిపెట్టుకోండి. తర్వాత తేడా తెలిసేది దాంతోనే.

ఫ్లూ టీకా ఏటా కావాలి. న్యుమోనియా టీకా వేయించారో లేదో చూసుకోండి. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ మందు వాడేవారికి జబ్బు అదుపులో ఉంటే, ఫ్లూ టీకా తర్వాత 2 వారాలు ఆ మందు ఆపమని డాక్టరు చెప్పొచ్చు. కీళ్లవాతానికే ఇచ్చే రిటుక్సిమాబ్ తీసుకునేవారు టీకా తేదీలు డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి. ఏదీ సొంతంగా ఆపకండి, ముఖ్యంగా స్టెరాయిడ్. స్టెరాయిడ్లు గానీ, టోసిలిజుమాబ్ అనే కీళ్లవాతం మందు గానీ వాడుతుంటే ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. కాబట్టి జ్వరం లేదు కదా అని ఆగొద్దు. మెథోట్రెక్సేట్ వాడుతుండగా పొడిదగ్గు, ఆయాసం కొత్తగా మొదలైతే, అది మందు వల్ల ఊపిరితిత్తులకు వచ్చిన వాపు కూడా కావచ్చు. ఆ రోజే ఫోన్ చేయండి.

ముక్కు దిబ్బడకు వాడే సూడోఎఫెడ్రిన్ మాత్రలు డాక్టరును అడగకుండా వేసుకోకండి. చలికి కీళ్లు పట్టేశాయని ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు పెంచితే ఒంట్లో నీరు చేరొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. పల్మనరీ హైపర్‌టెన్షన్‌కు ఇచ్చే సిల్డెనాఫిల్ వాడేవారు గుండెకిచ్చే నైట్రేట్ మందులు అస్సలు కలపకూడదు, సిల్డెనాఫిల్ వాడుతున్న సంగతి ఎమర్జెన్సీలో ముందే చెప్పాలి. రోజూ ఉదయం ఒకే సమయంలో బరువు చూసుకోండి. ఒక్కరోజులో కిలో, వారంలో రెండు కిలోలు పెరిగితే నీరు చేరుతోందని అనుమానించాలి. ఉప్పు తగ్గించడం మామూలే.

మోకాలి మార్పిడి ఆపరేషన్ ఆలోచనలో ఉంటే మత్తు డాక్టరుకు ఈ విషయం చాలా ముందుగా తెలియాలి. పల్మనరీ హైపర్‌టెన్షన్ ఉన్నవారికి మత్తు, ఆపరేషన్ రెండూ మామూలు కంటే ప్రమాదం. విమాన ప్రయాణానికీ ముందే సలహా తీసుకోండి, లోపల గాలి సుమారు 8,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టు పలచగా ఉండొచ్చు.

స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, పెదవులు నీలం తిరిగినా, దగ్గితే రక్తం పడినా, కూర్చున్నప్పుడు కూడా ఆక్సిజన్ 88 శాతానికి లేదా అంతకంటే కిందికి దిగినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మందుల పేర్లు, మోతాదులు, మామూలు రోజుల ఆక్సిజన్ అంకెలు, చివరి ఎకో రిపోర్టు ఒకే సంచిలో పెట్టి తలుపు దగ్గర ఉంచండి. ఆ సంచి ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికైనా తెలిసి ఉండాలి, ఎందుకంటే ఆ ఆయాసంలో మీరు చెప్పలేరు.