నార్వే పూర్వీకుల కోసం వెతుకుతున్నారా? పొలం పేరు పట్టుకోండి

అమెరికా వెళ్లిన నార్వే పూర్వీకుల్ని వెతికేవాళ్లు ఇంటిపేరుతో మొదలుపెట్టకండి. 19వ శతాబ్దంలో నార్వే పల్లెల్లో చాలామందికి స్థిరమైన ఇంటిపేరే లేదు. హాన్స్ కొడుకు ఊలె అయితే ఊలె హాన్సెన్, అంతే. అలాంటివాళ్లు ఊరికి ఎంతమందో! తేడా తెలిసేది వాళ్లుండే పొలం పేరుతోనే. అమెరికాలో కొందరు దాన్నే ఇంటిపేరు చేసుకున్నారు.

ముందు 1900 అమెరికా జనాభా లెక్కల్లో వలస వచ్చిన సంవత్సరం చూడండి, ఒకట్రెండేళ్లు అటూఇటూ ఉండొచ్చు. తర్వాత నార్వే జాతీయ ఆర్కైవ్స్ వారి డిజిటల్‌ఆర్కివెట్ సైట్‌లో (ఉచితమే) రేవుల్లో పోలీసులు రాసిన వలస రిజిస్టర్లు, 1865, 1875 జనాభా లెక్కలు తెరవండి. అమెరికా ఓడ లివర్‌పూల్ నుంచి బయలుదేరినట్టు ఉంటే కంగారు పడొద్దు, చాలామంది ఇంగ్లండ్‌లోని హల్ రేవులో దిగి రైల్లో అక్కడికి వెళ్లేవారు.