డెజర్ట్ హాట్ స్ప్రింగ్స్‌లో క్యాబిన్ లేదా ఆర్‌వీ బస: ముందుగా చూసుకోవలసినవి

కాలిఫోర్నియాలోని డెజర్ట్ హాట్ స్ప్రింగ్స్‌లో బస వెతికేవారు ముందుగా తేల్చుకోవలసింది వేడి నీటి కొలనులోకి ఎవరెవరు దిగుతారన్నది. లాస్ ఏంజెలెస్, ఇర్వైన్, శాన్ డియేగో ప్రాంతాల తెలుగు కుటుంబాలు ఇక్కడికి ఎక్కువగా చలికాలంలో, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను, చిన్నపిల్లలను వెంటబెట్టుకుని వెళ్తుంటాయి. ఈ ఊరిలోని చిన్న చిన్న స్పా హోటళ్లలో చాలావరకు పెద్దలకు మాత్రమే పరిమితం. కొన్నింటిలో దుస్తులు లేకుండా స్నానం చేయడానికి కూడా అనుమతి ఉంటుంది. ఆర్‌వీలు, అంటే పడక, వంటగది, బాత్‌రూమ్ లోపలే ఉన్న బండ్లు, నిలిపే ఆర్‌వీ పార్కులలో కొన్ని 55 ఏళ్లు దాటినవారికే స్థలం ఇస్తాయి. ఫోటోలు చూసి డబ్బు కట్టేసి, తర్వాత ఈ సంగతి తెలుసుకుంటే ఇంటిల్లిపాదీ ఇబ్బంది పడతారు. కాబట్టి బుకింగ్‌కు ముందే ఫోన్ చేసి, పిల్లల వయసు చెప్పి, వారిని ఏ కొలనులోకి, ఏ వేళల్లో రానిస్తారో, ఈత దుస్తుల నియమం ఏమిటో విడిగా అడగాలి. అతిథులుగా వచ్చే బంధువులకు కొలను వాడుకునే వీలుందా, అందుకు వేరే రుసుము ఉందా అన్నది కూడా అప్పుడే అడగడం మంచిది.

ఇక్కడి నీటి గురించి కాస్త తెలిస్తే ఎంపిక సులువవుతుంది. శాన్ ఆండ్రియాస్ భ్రంశానికి (భూమి పొరల్లోని పెద్ద పగులుకు) చెందిన మిషన్ క్రీక్ శాఖ ఈ ఊరి కిందుగా పోతుంది. ఆ పగులుకు ఒక పక్కన వేడి నీరు, మరో పక్కన చల్లని మంచినీరు భూగర్భంలో నిలిచి ఉన్నాయి. 1913లో ఇక్కడికి వచ్చిన కాబట్ యెర్క్సా నీటి కోసం బావి తవ్వితే వేడి నీరు పడింది. ఆయన కట్టుకున్న ఇల్లు ఇప్పుడు మ్యూజియంగా ఉంది. కొన్ని బావుల నీరు 180 డిగ్రీల ఫారన్‌హీట్ (సుమారు 82 సెల్సియస్) వరకు వేడిగా ఉంటుంది గనుక దానిని చల్లార్చి కొలనుల్లోకి వదులుతారు. గంధకం వాసన లేకపోవడం ఈ నీటికి ఉన్న పేరు. అయితే ఒకే చోట మూడు నాలుగు కొలనులున్నా అన్నింటి వేడి ఒకటి కాదు. పిల్లలు ఆడుకోవడానికి గోరువెచ్చని కొలను, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు కూర్చోవడానికి వేడి కొలను, రెండూ ఉన్న చోటే కుటుంబానికి పనికివస్తుంది. ఒక్కో కొలను ఎన్ని డిగ్రీలుంటుందో, శుభ్రం చేయడానికి ఏ రోజు మూసేస్తారో తప్పకుండా అడగండి.

నవంబరు నుంచి ఏప్రిల్ వరకు వెళ్లడం మంచిది. వేసవి పగళ్లలో ఎండ 40 సెల్సియస్ దాటుతుంది. అప్పుడు వేడి నీటి స్నానం సుఖం కాదు. జనవరిలో పగలు 20 డిగ్రీల దగ్గర హాయిగా ఉన్నా, పొద్దుగూకగానే చలి మొదలవుతుంది. కొలను నుంచి గదికి తడిబట్టలతో నడిచే ఆ కొద్దిపాటి దూరమే పెద్దవారికి కష్టం కాబట్టి, మందపాటి తువ్వాలు, స్వెటర్, జారని చెప్పులు కొలను ఒడ్డునే సిద్ధంగా ఉంచుకోవాలి. జనవరి మొదలు మార్చి వరకు కెనడా నుంచి, ఉత్తరాది రాష్ట్రాల నుంచి చలి తప్పించుకోవడానికి వచ్చేవారు నెలల తరబడి స్థలాలు పట్టుకుంటారు. ఏప్రిల్‌లో దగ్గరలోని ఇండియోలో కోచెల్లా సంగీతోత్సవం జరిగే వారాంతాల్లో అద్దెలు బాగా పెరుగుతాయి. వారం మధ్యలో రెండు రాత్రులు దొరికితే అదే మేలు.

క్యాబిన్‌కూ ఆర్‌వీకీ మధ్య ఎటూ తేల్చుకోలేనివారికి నా సలహా ఒకటే: అరవై దాటినవారు వెంట ఉంటే క్యాబిన్ తీసుకోండి. ఆర్‌వీ మెట్లు ఎత్తుగా, ఇరుకుగా ఉంటాయి. రాత్రిపూట బాత్‌రూమ్‌కు లేవడం కూడా కష్టమే. అయితే క్యాబిన్ అనే పేరుతో రెండు రకాలున్నాయి. ఒకటి వంటగది, బాత్‌రూమ్ లోపలే ఉన్న చిన్న ఇల్లు. రెండోది నాలుగు గోడలు, మంచాలు మాత్రమే ఉండి, స్నానానికి ఉమ్మడి గదులకు నడిచి వెళ్లవలసినది. దుప్పట్లు, గిన్నెలు వారిస్తారా, మనమే తెచ్చుకోవాలా అన్నది కూడా చోటును బట్టి మారుతుంది.

ఆర్‌వీ అద్దెకు తీసుకునేవారు కరెంటు లెక్క తెలుసుకోవాలి. అద్దెకు దొరికే మధ్యరకం బండ్లలో ఎక్కువ భాగం 30 ఆంప్స్‌వి. 120 వోల్టుల దగ్గర అంటే మొత్తం 3,600 వాట్లు. మేము మొదటిసారి డిసెంబరులో వెళ్లిన రాత్రి 1,500 వాట్ల హీటర్ నడుస్తుండగా 1,800 వాట్ల ఇండక్షన్ పొయ్యి మీద పప్పు పెట్టాం. అంతలో ఎవరో మైక్రోవేవ్‌లో పాలు వేడిచేయబోయారు, బండి మొత్తం చీకటైపోయింది. టార్చి వెలుతురులో బ్రేకర్ పెట్టె వెతుక్కోవలసి వచ్చింది. బండి తీసుకునేటప్పుడే ఆ పెట్టె ఎక్కడుందో చూపించమని అడగండి. తాలింపు వేసే ముందు పైకప్పు కిటికీ తెరిచి ఫ్యాన్ వేయకపోతే పొగ అలారం మోగుతుంది.

నీరు, కరెంటు, మురుగు కనెక్షన్లు మూడూ ఉన్న స్థలమే తీసుకోవడం మంచిది. మంచినీటికి వేరే పైపు, దానికి ఒత్తిడి తగ్గించే రెగ్యులేటర్ వాడాలి. మరుగుదొడ్డి ట్యాంకు వాల్వును ఎప్పుడూ తెరిచి ఉంచకూడదు. అలా ఉంచితే నీరు మాత్రమే పోయి మలినం లోపల గట్టిపడుతుంది. ఆ ట్యాంకు మూడింట రెండు వంతులు నిండాక చేతి తొడుగులు వేసుకుని ముందు దానిని ఖాళీ చేసి, ఆ తర్వాత వంటింటి, స్నానాల నీటి ట్యాంకును వదిలితే ఆ నీటితోనే గొట్టం కూడా శుభ్రపడుతుంది. కూర గిన్నెలలోని నూనె, పప్పు మడ్డి కాగితంతో తుడిచి చెత్తబుట్టలో వేశాకే కడగండి.

దారిలో అన్నిటికంటే జాగ్రత్తగా ఉండవలసింది గాలితోనే. పది నంబరు హైవే మీద శాన్ గోర్గోనియో కనుమలో వందలకొద్దీ గాలిమరలు కనబడేది ఊరికే కాదు. ఎత్తయిన ఆర్‌వీని అక్కడి ఈదురుగాలి పక్కకు నెట్టేస్తుంది. గాలి హెచ్చరిక ఉన్న రోజున ప్రయాణం కొన్ని గంటలు వాయిదా వేసుకోండి. ట్రెయిలర్ లాగే వాహనానికి కాలిఫోర్నియాలో గరిష్ఠ వేగం గంటకు 55 మైళ్లు. బండి పక్కన చాపే పందిరి గుడ్డను బయటికి వెళ్లేటప్పుడూ, పడుకునే ముందూ మడిచెయ్యాలి.

బదరీనాథ్ తప్తకుండంలో మునిగినట్లు చీరతోనో పంచెతోనో ఇక్కడి కుటుంబ కొలనులలోకి దిగనివ్వరు. అమ్మావాళ్లకు పొడవు చేతులు, కాలి మడమల దాకా ఉండే ఈత దుస్తులు ముందే కొని, ఇంట్లో ఒకసారి వేసి చూపిస్తే సంకోచం తగ్గుతుంది. దిగే ముందు షవర్ కింద స్నానం చేయాలి. 104 ఫారన్‌హీట్ (40 సెల్సియస్) నీటిలో పది, పదిహేను నిమిషాలు చాలు. లేచేటప్పుడు నెమ్మదిగా, కడ్డీ పట్టుకుని లేవాలి, లేకపోతే కళ్లు తిరుగుతాయి. గర్భిణులూ అయిదేళ్లలోపు పిల్లలూ అంత వేడి నీటిలోకి దిగకూడదు. బీపీ, గుండె మందులు వాడేవారు బయలుదేరే ముందే డాక్టరును అడగాలి. అలవాటు కొద్దీ మూడు మునకలు వేయాలనిపించినా తల ముంచవద్దు. శుద్ధి చేయని సహజమైన వేడి నీటిలో ఉండే ఒక రకం అమీబా, చాలా అరుదుగానే అయినా, ముక్కు ద్వారా మెదడుకు చేరి ప్రాణాంతకమవుతుంది. ఎడారి గాలిలో చెమట పట్టినట్లే తెలియదు గనుక ప్రతి స్నానం తర్వాత ఒక గ్లాసెడు నీళ్లు, వీలైతే ఉప్పు వేసిన మజ్జిగ ఇవ్వండి.

పచ్చిమిరపకాయలు, కరివేపాకు, పెరుగు తోడు లాస్ ఏంజెలెస్ దగ్గర ఇండియన్ దుకాణాలున్న ఆర్టీసియాలో గాని, మీ ఊరి ఇండియన్ స్టోర్‌లో గాని ముందే తీసుకోండి. తిరుగు ప్రయాణం రోజున తెల్లవారకముందే కొలనుకు వెళ్లి వస్తే జనం ఉండరు. తిరిగి వచ్చాక కాఫీ కాగేలోపు ట్యాంకులు ఖాళీ చేసుకుంటే స్థలం వదిలి వెళ్లే వేళకు కంగారు పడనక్కరలేదు.