మంత్రిగారికి ప్రశ్న రాద్దాం – 5వ పాఠం: ‘ఉత్పన్నం కాదు’

ఈసారి అనుబంధ ప్రశ్నల గురించి, అంటే మంత్రి జవాబు విన్నాక సభలోనే వేసే కొనసాగింపు ప్రశ్నల గురించి చెబుతానని మాటిచ్చాను. అది కాస్త వెనక్కి జరిగింది. నాలుగో పాఠం చివర ఇచ్చిన పనికి మీరు పంపిన ప్రశ్నలు చదివాక, ప్రశ్న ఏ శాఖకు వేయాలి, ఏ మాటలతో వేయాలి అన్న గొడవ ముందు తేల్చకుండా ముందుకు పోతే లాభం లేదనిపించింది.

మీ జిల్లా సరుకు ఒకటి తీసుకుని, దాని వ్యాపారం మీద లోక్‌సభ సభ్యుడు అడగదగ్గ ప్రశ్న 150 మాటలు దాటకుండా రాయమన్నాను. మాటల లెక్క అందరూ పాటించారు, సంతోషం. కానీ గుంటూరు వైపు వాళ్లు దాదాపు అందరూ మిర్చి ధర పడిపోయిందని రాసి, పైన ‘వాణిజ్య, పరిశ్రమల శాఖ మంత్రి’ అని పెట్టారు. ఇందులో సగం తప్పు నాదే. ‘వ్యాపారం సంగతైతే వాణిజ్య శాఖకే’ అని పోయిన పాఠంలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాను.

మిర్చి ఒకటే గానీ ఢిల్లీలో దానికి గుమ్మాలు చాలా ఉన్నాయి. మార్కెట్ యార్డులో ధర పడింది, కేంద్రం ఆదుకోవాలి అంటే అది వ్యవసాయ శాఖ. 2025 ఫిబ్రవరిలో మార్కెట్ జోక్యం పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలుకు ₹11,781 ధర ఖరారు చేసింది ఆ శాఖే. అదే మిర్చి ఓడ ఎక్కితే వాణిజ్య శాఖకు వస్తుంది, ఎందుకంటే కొచ్చిలోని స్పైసెస్ బోర్డు దాని కిందే ఉంది. మన దగ్గర అమ్మే కారప్పొడిలో కల్తీ అంటే ఆరోగ్య శాఖ. కారం మిల్లు పెట్టుకున్నవాడి చిన్న పరిశ్రమ కష్టాలంటే ఎంఎస్ఎంఈ శాఖ.

అశ్వారావుపేట నుంచి ఒకరు పామాయిల్ దిగుమతి సుంకం మీద చాలా మంచి ప్రశ్న రాశారు. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్ మీద బేసిక్ కస్టమ్స్ సుంకం సున్నా నుంచి 20 శాతానికి పెంచడం, 2025 మే నెలాఖరున దాన్ని 10 శాతానికి తగ్గించడం, మధ్యలో ఆయిల్‌పామ్ గెలల ధర మీద రైతుకున్న ఆశ, అన్నీ ఉన్నాయి. పంపింది మాత్రం వాణిజ్య శాఖకు. సుంకం నోటిఫికేషన్ ఇచ్చేది ఆర్థిక శాఖ. నేను వాడే అడ్డదారి ఒకటి చెబుతాను: ఏ ఉత్తర్వు గురించి అడుగుతున్నామో ఆ కాగితం చివరికి వెళ్లి, సంతకం ఏ శాఖ అధికారిదో చూడండి. ప్రశ్న ఆ శాఖకే. పేపర్లో ఏ మంత్రి ఫొటో వేశారన్నది లెక్క కాదు.

తప్పు శాఖకు పంపితే ఏమవుతుంది? ప్రశ్నను అసలు శాఖకు బదిలీ చేస్తారు. శాఖలన్నిటినీ అయిదు గుంపులు చేసి వారంలో ఒక్కో రోజు ఒక్కో గుంపుకు ఇస్తారు కాబట్టి మీ రోజు మారిపోవచ్చు. నోటీసుకు కనీసం 15 రోజుల గడువు కావాలన్నది గుర్తుందిగా. చిన్న సమావేశాలైతే ఆ విడత చేయి జారినట్టే.

నిజామాబాద్ వాళ్లు శాఖ విషయంలో తప్పు చేయలేదు. జాతీయ పసుపు బోర్డు వాణిజ్య శాఖ కిందిదే. కానీ మూడొంతుల మంది ‘గత మూడేళ్లలో పసుపు ఎగుమతులు ఎంత?’ అని ఒక భాగం దానికే ఖర్చు పెట్టారు. అందరికీ అందుబాటులో ఉన్న పత్రాల్లో దొరికే సమాచారం అడగకూడదని నిబంధనే ఉంది. అది పక్కన పెట్టినా, వాణిజ్య శాఖ ఎగుమతుల డేటాబేస్‌లో పసుపు కోడ్ 0910 30 అని కొడితే ఆ అంకె ఇంట్లో కూర్చునే దొరుకుతుంది. 2023-24లో 1.62 లక్షల టన్నులు, 22.65 కోట్ల డాలర్లు. అది మీరు చేతిలో పట్టుకుని ప్రశ్నలోకి దిగాల్సిన అంకె. దాన్నే మంత్రిని అడగడమంటే మన వాచీ మన చేతికి పెట్టుకుని టైమెంతని పక్కవాణ్ణి అడగడమే.

ఇక నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించిన సంగతికి వస్తాను. మీరు పంపినవాటిలో పదికి తొమ్మిది ప్రశ్నలు ఇదే అచ్చులో ఉన్నాయి:

(అ) ఫలానా సమస్య ప్రభుత్వ దృష్టికి వచ్చిందా?
(ఆ) వచ్చి ఉంటే, ఆ వివరాలు ఏమిటి?
(ఇ) దానిపై ప్రభుత్వం తీసుకున్న చర్యలు ఏమిటి?
(ఈ) ఆ చర్యల ఫలితాలు ఏమిటి?

చూడటానికి ముచ్చటగా ఉంది. దీనికి రెండు పంక్తుల్లో జవాబు రాయొచ్చు. (అ) లేదు. (ఆ) నుంచి (ఈ) వరకు: ఉత్పన్నం కాదు. అంటే, మొదటిదానికే ‘లేదు’ అన్నాక మిగతావాటికి తావే లేదని.

మన శాసనసభల్లోనూ ఈ మాట వినే ఉంటారు. ‘ప్రశ్న ఉత్పన్నం కాదు అధ్యక్షా’ అని మంత్రి కూర్చుంటారు. అందులో అబద్ధం ఏమీ లేదు. నాలుగు డబ్బాల రైలుకు ఇంజన్ మీరే ఊడదీసి ఇచ్చారు, ఆయన పట్టాల మీద వదిలేశారు. అంతే.

నేను ఈ గుంటలో పడ్డాను కాబట్టే ఇంత మంట. కొన్నేళ్ల కిందట ఒక ఎంపీగారి దగ్గర ప్రశ్నలు రాసే పనిలో కొత్తగా చేరాను. ప్రకాశం జిల్లా నుంచి నల్ల బర్లీ పొగాకు రైతులు వచ్చారు, కొనేవాడు లేడని. రాత్రంతా కూర్చుని ప్రశ్న రాశాను. మొదటి భాగం: నల్ల బర్లీ పొగాకును వేలం కేంద్రాల్లో కొనిపించేందుకు పొగాకు బోర్డు చర్యలు తీసుకుందా? బోర్డు వేలం వేసేది వర్జీనియా పొగాకునే. పొగాకు ఆకును క్యూరింగ్ చేసే బ్యారన్లకు రిజిస్ట్రేషన్, పంట పరిమాణం నిర్ణయించడం, అన్నీ దానికే. ఆ చిన్న ముక్క తెలుసుకోకుండా రాశాను. జవాబు ‘లేదు’తో మొదలైంది. మిగతా మూడు భాగాలూ ఉత్పన్నం కాలేదు. ఆ కాగితం పట్టుకుని రైతుల ముందు నిలబడాల్సి వచ్చింది ఎంపీగారు. ఆయన నన్నేమీ అనలేదు, అదే ఇంకా బాధ.

ఆ ప్రశ్న ఇవాళైతే ఎలా రాస్తాను? ‘తీసుకుందా’ అన్న మాట దగ్గరికే పోను.

(అ) 1975 నాటి పొగాకు బోర్డు చట్టం పరిధిలోకి బర్లీ రకాలను తేవాలని గత అయిదేళ్లలో ప్రభుత్వానికి అందిన వినతులు ఎన్ని, ఏ తేదీల్లో, ఎవరి నుంచి?
(ఆ) ఒక్కో వినతిపై తీసుకున్న నిర్ణయం ఏమిటి?
(ఇ) బర్లీ కొనుగోళ్లపై రాష్ట్ర ప్రభుత్వంతో కేంద్రం జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాల తేదీలు, సారాంశం ఏమిటి?
(ఈ) బర్లీ పొగాకు ఎగుమతిదారులతో బోర్డు జరిపిన సమావేశాలు ఎన్ని?

వినతులు సున్నా అని జవాబు వచ్చిందనుకోండి. (ఆ) ఒక్కటే పోతుంది. (ఇ), (ఈ) వాటి కాళ్ల మీద అవి నిలబడతాయి. పైగా ఆ సున్నా కూడా మీకు వార్తే. అయిదేళ్లుగా ఇంతమంది నాయకులు వినతిపత్రాలు ఇచ్చామని చెప్పుకున్నారు కదా, అవి ఏమయ్యాయి?

ఇంకో ఉదాహరణ, పసుపు నుంచే. పొగాకు బోర్డుకు చట్టం ఉంది. పసుపు బోర్డు 2023 అక్టోబరులో నోటిఫికేషన్‌తో ఏర్పడింది, దానికి విడిగా చట్టం లేదు. ‘పసుపు బోర్డుకు చట్టబద్ధత కల్పించే ప్రతిపాదన ఉందా? ఉంటే వివరాలు, ఎప్పటిలోగా?’ అని ఆర్మూరు నుంచి ఒకరు రాశారు. మంచి ఆలోచన, చచ్చిన ప్రశ్న. దాన్ని ఇలా తిప్పండి: 2025 జనవరి 14న బోర్డు మొదలైనప్పటి నుంచి కేటాయించిన నిధులు ఎంత, ఖర్చు ఎంత, మంజూరైన పోస్టులు ఎన్ని, భర్తీ అయినవి ఎన్ని? చట్టం ఉందా లేదా అన్న అవును-కాదు ముక్క మీకు తప్పదనుకుంటే చివర్లో పెట్టండి. దాని వెనక ఏ డబ్బా ఉండదు కాబట్టి ‘లేదు’ అన్నా దేన్నీ వెంట లాక్కుపోదు.

‘లేకపోతే, కారణాలు ఏమిటి?’ అని తగిలిస్తే సరిపోదా అని కొందరు తెలివైనవాళ్లు అడుగుతారు. సగం సరిపోతుంది. ‘లేదు’ అన్నా ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది కదా. కానీ ఆ ‘ఏదో ఒకటి’ మీకు పనికొచ్చేదై ఉండదు. నాకైతే ఆ తోక ఇష్టం లేదు. నిజమేనా, తెలుసా, ఉందా, వచ్చిందా అనే మాటలతో మొదలయ్యే ప్రతి భాగాన్నీ ఎర్ర పెన్నుతో చుట్టండి. ఎంత, ఎన్ని, ఎప్పుడు, ఎవరు, ఏ తేదీ అనే మాటలకు మార్చండి. మారనిదాన్ని కొట్టేయండి.

భీమవరం రొయ్యల ప్రశ్నలో ఇంకో జబ్బు కనిపించింది: ‘అమెరికా సుంకాలతో దారుణంగా నష్టపోయిన రైతులను గాలికొదిలేయడం నిజమేనా?’ 2025 ఆగస్టు 27 నుంచి సుంకం 50 శాతానికి చేరినప్పుడు చెరువు గట్ల మీద ఉన్న టెన్షన్ నాకూ తెలుసు. కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధరలు ఎలా ఊగాయో చూశాం. కానీ ప్రశ్నలో వాదన, ఎత్తిపొడుపు, విశేషణం ఉండకూడదు. స్పీకర్ కార్యాలయంలోనే ఆగిపోతుంది. 2025 నవంబరులో కేబినెట్ ఆమోదించిన ఎగుమతి ప్రోత్సాహక మిషన్‌కు 2030-31 వరకు ₹25,060 కోట్లు అన్నారు కదా. అందులో సముద్ర ఉత్పత్తుల ఎగుమతిదారులకు ఇప్పటిదాకా చేరింది ఎంత, ఆంధ్రప్రదేశ్ యూనిట్లు ఎన్ని అని అడగండి. కోపమంతా ఆ అంకెలోనే ఉంటుంది.

స్టార్ ప్రశ్న (మంత్రి సభలో నోటితో జవాబు చెప్పేది) వేయాలా, అన్‌స్టార్డా (కాగితం మీదే జవాబిచ్చేది) అని చాలామంది అడిగారు. స్టార్ ప్రశ్నకు టీవీలో కనిపిస్తారు. రోజుకు 20 పెట్టినా గంటలో నోటితో జవాబు దొరికేవి కొన్నే, మిగతావన్నీ కాగితం మీదే వస్తాయి. వివరాలు కావాలంటే నా ఓటు అన్‌స్టార్డ్‌కే. రోజుకు 230 ఉంటాయి. ‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం’ అని జవాబొస్తే మీలో కొందరు డీలా పడిపోతారు. నేను పండగ చేసుకుంటాను. అది హామీ కింద లెక్క. మూడు నెలల్లో నెరవేర్చాలి, దాని వెంటపడటానికి సభలో ఒక కమిటీయే ఉంది.

అనుబంధ ప్రశ్నల గురించి మిగిలిన చోటులో రెండు ముక్కలు. ప్రశ్న ఎవరి పేరు మీద ఉందో ఆ సభ్యుడికి మామూలుగా రెండు అవకాశాలు దొరుకుతాయి. రెండూ ఇచ్చిన జవాబులోంచే పుట్టాలి, ఇంటి నుంచి రాసుకొచ్చిన ఉపన్యాసం కాకూడదు. 1957 సెప్టెంబరులో ఎల్ఐసీ పెట్టుబడుల మీద అడిగినప్పుడు ప్రభుత్వం దాటవేసింది. నవంబరులో మళ్లీ అడిగారు. డిసెంబరులో కాంగ్రెస్ ఎంపీ ఫిరోజ్ గాంధీ వివరాలతో లేచారు. వ్యాపారి హరిదాస్ ముంద్రా కంపెనీల షేర్లను ఎల్ఐసీ కొన్న వ్యవహారం చాగ్లా విచారణ కమిషన్ దాకా పోయింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. అప్పటి ప్రశ్నలు తీసి చదవండి. మొదటి జవాబు వచ్చిన చోటే రెండో ప్రశ్న మొదలవుతుంది. మిగతాది ఆరో పాఠంలో.

ఈసారి పని కాస్త ఎక్కువే. లోక్‌సభ వెబ్‌సైట్‌లో మీ సరుకు మీద వచ్చిన పాత జవాబులు పది తీయండి. ఏ భాగం ఏ మాట వల్ల చచ్చిందో ఒక్కోదాని పక్కన రాయండి. తర్వాత మీ పాత ప్రశ్నను, ఏ రెండు భాగాలూ ఒకదాని మీద ఒకటి ఆనకుండా, అయిదు భాగాలుగా తిరగరాయండి. అది అయ్యాక కుర్చీ మారండి. మీరే ఆ శాఖలో అండర్ సెక్రటరీ అనుకుని, అబద్ధం చెప్పకుండా, వీలైనంత తక్కువ చెబుతూ మీ ప్రశ్నకు మీరే జవాబు రాయండి. ఏ భాగం దగ్గర సులువుగా జారిపోగలిగారో ఆ భాగం మళ్లీ రాయండి. ప్రశ్న, జవాబు రెండూ కలిపి పంపండి. జవాబు లేకుండా ప్రశ్న ఒక్కటే పంపితే చదవను.