కళ్లజోడుతో ఫొటో దిగేవాళ్లకి ఓ చిన్న చిట్కా

ఆఫీసు ప్రొఫైల్ కోసం స్టూడియోకి వెళ్లిన ప్రతిసారీ నా ఫొటోలో కళ్లకి బదులు అద్దాల మీద రెండు తెల్లటి మచ్చలే పడేవి. ఎడిటింగ్‌లో తీసేస్తామంటారు గానీ, తీశాక చూపు ఏదోలా ఉంటుంది.

మొన్న ఇలా చేశాను. కళ్లజోడు కాడల్ని చెవుల మీద నుంచి అర సెంటీమీటరు పైకి లేపి పెట్టుకున్నాను. అద్దాలు కాస్త కిందికి వాలి, లైటు మెరుపు కెమెరా వైపు కాకుండా కిందికి పోతుంది. ఎదురుగా చూస్తే కాడలు లేచినట్టు తెలియదు. గడ్డం కొంచెం దించితే ఇంకా మంచిది, మరీ దించితే మెడ దగ్గర మడత పడుతుంది. ముందురోజు రాత్రే ఇంట్లో ట్యూబ్‌లైటుకి ఎదురుగా కూర్చుని, సెల్ఫీ కెమెరాలో చూసుకుంటూ ఎంత లేపాలో సరిచూసుకోండి. రెండు నిమిషాల పని.

ఎండకి నల్లబడే అద్దాలైతే స్టూడియోకి పదిహేను నిమిషాలు ముందే వెళ్లి లోపల కూర్చోండి. బయటి నుంచి వచ్చి వెంటనే దిగితే కూలింగ్ గ్లాసెస్ పెట్టుకున్నట్టు వస్తుంది. నాకు ఒకసారి అలాగే వచ్చింది, ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. చొక్కా కూడా సన్న గళ్లది వద్దు, ఫొటోలో అలల్లా కనిపించొచ్చు.

లైటు మీ ముఖం కన్నా కింద ఉంటే మాత్రం ఇది పనిచేయదు, మెరుపు ఇంకా పెరుగుతుంది. లైటు స్టాండు పైకి జరపమని అడగండి. అమెరికా వీసా ఫొటో అయితే ఈ తంటాయే లేదు, 2016 నవంబరు నుంచి కళ్లజోడు తీసేసే దిగాలి.