హెక్సగన్ స్వెటర్ అల్లికలో ఇబ్బందులు: ఎందుకొస్తాయి, ఎలా సరిచేయాలి

ఇంట్లో తొడుక్కోవడానికి క్రోషెతో అల్లే స్వెటర్లలో నా లెక్కన అన్నిటికన్నా తేలికైనది హెక్సగన్ కార్డిగన్. ఆరు మూలల ముక్కలు రెండు అల్లి, ఒక్కోదాన్ని మడిచి, భుజాల మీదా వీపు మధ్యా కలిపి కుడితే స్వెటర్ తయారు. మెడకూ చంకకూ విడిగా ఆకారం తీయాల్సిన పని లేదు. గ్రానీ స్క్వేర్ (మధ్య నుంచి చుట్టూ అల్లుకుంటూ వెళ్లే చదరపు ముక్క) అల్లడం వస్తే ఇదీ వచ్చినట్టే.

అయినా దీన్ని సగంలో విప్పేసేవాళ్లు చాలామంది. ముక్కను నేల మీద పరిచి చూసుకుని కంగారు పడటమే అందుకు కారణం. ఈ ముక్కను మడిచి చూడాలి. అలా మడిచినప్పుడు ఏ వైపు ఎక్కడికి వస్తుందో తెలిస్తే కింద చెప్పే సమస్యల్లో సగం వాటంతటవే అర్థమవుతాయి. ఆరు వైపుల్లో ఒకటి చేతి అంచు, ఒకటి కింది అంచు, ఒకటి వీపు మధ్య కుట్టు, ఒకటి ముందు తెరుచుకునే అంచు. మిగిలిన రెండూ భుజం ముందు భాగం, వెనక భాగం. మనం మొదలుపెట్టిన మధ్య రింగు సరిగ్గా చంకలోకి వస్తుంది.

ముక్క నేల మీద పరుచుకోవడం లేదు, అంతా అలలు అలలుగా లేస్తోంది

లేవాలి. అందులో తప్పేమీ లేదు, విప్పకండి.

గ్రానీ స్క్వేర్‌కి నాలుగు మూలలు. ఒక్కో మూల దగ్గర 90 డిగ్రీలు, మొత్తం 360. అందుకే అది చదునుగా పడుకుంటుంది. ఇక్కడ అవే మూలలు ఆరు ఉన్నాయి, అంటే 540 డిగ్రీలు. నేల మీద అంత చోటు లేదు కాబట్టి మిగిలినదంతా అలలుగా పైకి లేస్తుంది. మడిచామంటే ఒక్కో పొరకు 270 డిగ్రీలు వచ్చి, ముక్క ఇంగ్లీషు ఎల్ అక్షరంలా పడుకుంటుంది. ఆ ఎల్‌లో ఒక కాలు చెయ్యి, ఇంకో కాలు ఒళ్లు.

నాలుగో వరస అయ్యాక ఒకసారి మడిచి చూడండి. చంక దగ్గర పుస్తకం మూల పెడితే సరిపోయేలా ఉండాలి. ఈ పరీక్ష చేయకుండా పదో వరస దాకా వెళ్లొద్దు.

ముక్క చక్కగా చదునుగా ఉంది, కానీ మడిస్తే చెయ్యి రావడం లేదు

అసలు సమస్య ఇదీ. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. సగానికి మడిస్తే మాత్రం ఎల్ రాదు, అరముక్క వస్తుంది.

కారణాలు రెండు. ఒకటి, మీరు చూసి అల్లుతున్నది దుప్పటికో టేబుల్ మీద పరిచే గుడ్డకో చేసే చదును హెక్సగన్ పద్ధతి. దాంట్లో మూలల దగ్గర పెంపు తక్కువ. రెండోది, మూలలో గొలుసులు (చెయిన్ కుట్లు) మర్చిపోవడం, లేదా ఒకే గుత్తి (ఒకే ఖాళీలో వేసే మూడు డబుల్ క్రోషెలు) వేసి ముందుకు వెళ్లిపోవడం.

మూల ఇలా ఉండాలి: మూడు డబుల్ క్రోషెలు, రెండు గొలుసులు, మళ్లీ అదే ఖాళీలో మూడు డబుల్ క్రోషెలు. లెక్క సరిచూసుకోవడం సులువే. మూలల్లోవి కూడా కలుపుకుని మొదటి వరసలో 6 గుత్తులు, రెండో దాంట్లో 12, మూడో దాంట్లో 18. ఎన్నో వరసైతే దానికి ఆరు రెట్లు. పదో వరస అయ్యేసరికి 60 గుత్తులు ఉండాలి. 56 ఉన్నాయంటే ఏదో వరసలో మూలలు తప్పాయి. మధ్య నుంచి ఒక్కో మూల గీత వెంట వేలు పెట్టి పైకి వస్తే ఎక్కడ తెగిందో కనిపిస్తుంది. అక్కడి దాకా విప్పక తప్పదు. పై వరసలో రెండు గుత్తులు ఎక్కువ వేసి సర్దుకుందామనిపిస్తుంది, కానీ అలా చేస్తే చెయ్యి పక్కకు లాగుతుంది.

మడిచాక కూడా అలలు పోవడం లేదు

అంటే పెంపు మరీ ఎక్కువైంది, లేదా కుట్టు పొట్టిగా పడుతోంది. గుత్తి వెడల్పు ఒక వరస ఎత్తుకు సుమారు రెండింతలు ఉంటేనే లంబకోణం వస్తుంది. గుత్తికీ గుత్తికీ మధ్య ఒక గొలుసు వేసే అలవాటు చాలామందికి ఉంది. ఊలు లావుగా ఉంటే ఆ గొలుసు అక్కర్లేదు, మానేయండి. మూలలోని రెండు గొలుసులు మాత్రం అలాగే ఉంచండి.

ఇంకో కారణం పేర్ల గొడవ. అమెరికావాళ్ల సింగిల్ క్రోషెను బ్రిటిష్‌వాళ్లు డబుల్ క్రోషె అంటారు. అమెరికావాళ్ల డబుల్ వాళ్లకు ట్రెబుల్. ఇంట్లో ఉన్న పాత అల్లిక పుస్తకం చూసి కుట్టు నేర్చుకుని, యూట్యూబులో అమెరికా వీడియో పెట్టుకుని అల్లితే, హుక్కు మీద దారం చుట్టకుండానే డబుల్ అనుకుని పొట్టి కుట్లు వేసే అవకాశం ఉంది. నేను ఇక్కడ డబుల్ అంటున్నది అమెరికా లెక్కన: హుక్కు మీద ఒకసారి దారం చుట్టి, కుట్టులోంచి దారం లాగి, రెండేసి చొప్పున రెండుసార్లు విడిపించేది.

కొలత కుదరలేదు

ఎన్ని వరసలు అల్లాలో ఊహించి మొదలుపెట్టకండి. రెండు ముక్కల కింది అంచులూ కలిస్తేనే స్వెటర్ చుట్టుకొలత. కాబట్టి ఒక్కో వైపు పొడవు ఆ చుట్టుకొలతలో సగం ఉండాలి. ఛాతీ 38 అంగుళాలనుకోండి. ఇంట్లో వదులుగా ఉండటానికి ఇంకో 6 కలిపితే 44. సగం 22. ఇప్పుడు నాలుగైదు వరసల నమూనా అల్లి గుత్తి వెడల్పు కొలవండి. 10 గుత్తులు 9 అంగుళాలు వస్తే 22 అంగుళాలకు 24 లేదా 25 గుత్తులు పడతాయి. ఎన్నో వరసలో ఉంటే ఒక్కో వైపు అన్ని గుత్తులు ఉంటాయి కాబట్టి అల్లాల్సిన వరసలూ అన్నే.

ఈ లెక్కలోనే ఇంకో రెండు సంగతులు బయటపడతాయి. భుజం నుంచి కింది అంచు దాకా పొడవు కూడా 22 అంగుళాలే వస్తుంది. పొడుగ్గా కావాలంటే కుట్టడం అయ్యాక కింద వరసలు కలుపుకోవాలి. వీపు మధ్య నుంచి చేతి అంచు దాకా కూడా 22 అంగుళాలే. కాబట్టి చెయ్యి మణికట్టు దాకా రాదు. అక్కడా అల్లిక పెంచాల్సిందే.

చెయ్యి సంచిలా వేలాడుతోంది

పైన చెప్పిన కొలతల్లో చేతి చుట్టుకొలత 22 అంగుళాలు. ఈ స్వెటర్‌లో నాకు నచ్చనిది ఇదొక్కటే. ఫొటోల్లో ఆ వెడల్పు చెయ్యి అందంగానే ఉంటుంది. మన ఇళ్లల్లో తెల్లవారుజామున స్వెటర్ వేసుకుని మొదట వెళ్లేది వంటింట్లోకి, గ్యాస్ పొయ్యి దగ్గరికి. మార్కెట్లో దొరికే ఊలులో ఎక్కువ భాగం అక్రిలిక్. మంట తగిలితే అది కరిగి ఒంటికి అంటుకుంటుంది. నూలుకు కూడా త్వరగానే మంట పట్టుకుంటుంది. అసలైన గొర్రె ఊలు కరగదు, అంత తొందరగా మంట పట్టదు, అయినా వేలాడే చెయ్యి పొయ్యి దగ్గర ప్రమాదమే.

అందుకని చెయ్యి తప్పకుండా బిగించండి. చేతి అంచు చుట్టూ గుత్తులకు బదులు మామూలు డబుల్ క్రోషెలు వేస్తూ, చంక కింది గీతకు అటూ ఇటూ ప్రతి వరసలో రెండేసి కుట్లు ఒకటిగా కలపండి. మోచెయ్యి దాటాక ఒక వరసంతా రెండు కుట్లను ఒకటి చేస్తూ సింగిల్ క్రోషె వేయండి. ఇంకా వదులుగా ఉంటే మరో వరస అలాగే. ఆ తర్వాత కఫ్ (చేతి చివర బిగుతు పట్టీ): 12 గొలుసులు వేసి, కుట్టు వెనక దారంలోంచే సింగిల్ క్రోషె వేస్తూ అటూ ఇటూ తిరగండి, ప్రతి రెండు అడ్డు వరసలకొకసారి చేతి అంచుకు, ఎత్తు లేకుండా దారాన్ని కలిపేసే స్లిప్ స్టిచ్‌తో అతికించండి. ఇది సాగి మళ్లీ ముడుచుకుంటుంది, గిన్నెలు తోమేటప్పుడు పైకి మడిస్తే అక్కడే నిలుస్తుంది.

రెండు ముక్కలూ ఒక్క సైజు రాలేదు

ముందు వరసలు లెక్కపెట్టండి. చాలాసార్లు ఒక వరస తేడా ఉంటుంది, అంతే. వరసలు సమానమైనా సైజు తేడా ఉంటే రెండిటినీ వంటింటి త్రాసులో వేయండి. బరువు ఒకటే అయితే రెండిటికీ పట్టిన ఊలు ఒకటే, తడిపి లాగి ఆరబెడితే చాలావరకు కలిసిపోతుంది. బరువు కూడా తేడా ఉంటే చేతి బిగువు మారిందో, హుక్కు మారిందో, ఊలు మందం మారిందో చూడాలి. అర అంగుళం దాకా తేడాను కుట్టులో సర్దేయొచ్చు, అంతకన్నా ఎక్కువైతే చిన్న ముక్కలో చివరి మూడు నాలుగు వరసలు విప్పి అర మిల్లీమీటరు పెద్ద హుక్కుతో మళ్లీ వేయండి.

రంగు తేడా వస్తే లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేసిన ఊలుకు ఇచ్చే నంబరు) చూడండి. ఊలు ఉండ మీది కాగితంలో రంగు నంబరుతో పాటు అది కూడా ఉంటుంది. రెండు లాట్లు కలపక తప్పనప్పుడు ఒక వరస ఒకదాంతో, తర్వాతి వరస ఇంకోదాంతో మార్చి మార్చి అల్లితే తేడా తెలియదు.

ఊలు మధ్యలో అయిపోయింది

సగం వరసలకు ఎంత పట్టిందో చూసి, దానికి రెట్టింపు కొనేవాళ్లకు తప్పకుండా జరిగేది ఇదే. ప్రతి వరసా ముందుదానికన్నా పెద్దది. 20 వరసల ముక్కలో మొదటి 10 వరసలకు పట్టేది మొత్తం ఊలులో దాదాపు పావు వంతే. మిగతా ముప్పావు తర్వాతి పదికి. కాబట్టి అల్లాల్సిన వరసల్లో సగం అయ్యాక ముక్కను తూచి, ఆ బరువును నాలుగుతో గుణించండి. రెండు ముక్కలు కాబట్టి ఎనిమిదితో. పట్టీలకూ కఫ్‌లకూ ఇంకో ఉండో రెండో అదనంగా, అదే లాట్‌లో, మొదటి రోజే కొనండి.

అట్టలా గట్టిగా ఉంది

లేసు అల్లి వచ్చిన చేతులకు ఇది మామూలే. మనవైపు క్రోషె అంటే ఎక్కువమందికి గుర్తొచ్చేది నరసాపురం లేసు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సన్న నూలు, సన్నని స్టీలు హుక్కు. అక్కడ కుట్టు బిగువుగా పడితేనే అందం. అదే చేత్తో లావు ఊలు పడితే స్వెటర్ ఒంటి మీద నిలబడిపోతుంది.

చెయ్యి వదులు చేసుకోమని చెప్పడం తేలిక, చేయడం కష్టం. హుక్కు మార్చడమే మంచిది. ఊలు కాగితం మీద 4 మిల్లీమీటర్లని రాసి ఉంటే 5 తీసుకోండి, ఇంకా గట్టిగా ఉంటే 5.5. నమూనా ముక్కను పిడికిట్లో నలిపి వదిలితే మెత్తగా జారిపోవాలి. అల్లడం పూర్తయిపోయి ఉంటే ఉతికాక కొద్దిగా మెత్తబడుతుంది, మరీ ఆశ పెట్టుకోవద్దు.

అందంగానే ఉంది కానీ చలి ఆగడం లేదు

వేడిని పట్టి ఉంచేది ఊలు మధ్య ఇరుక్కున్న గాలి. గుత్తుల మధ్య ఖాళీలు పెద్దవైతే ఆ గాలి నిలవదు. ఏసీ గదికి, హైదరాబాద్ చలికి గ్రానీ గుత్తులు చాలు. లంబసింగి, ఆదిలాబాద్ వైపు డిసెంబరు పొద్దుటి చలికో, అమెరికాలో మంచు పడే ఊళ్లకో అయితే ఖాళీలు లేని అల్లిక వేయండి: ప్రతి కుట్టు మీదా ఒక డబుల్ క్రోషె, మూలల్లో మాత్రం రెండు డబుల్, రెండు గొలుసులు, రెండు డబుల్. ఎల్ ఆకారం అలాగే వస్తుంది, ఊలు మాత్రం ఎక్కువ పడుతుంది. ఖాళీలతోనే అల్లేసి ఉంటే వీపు భాగానికి లోపల పాత కాటన్ చీర ముక్క అస్తరు వేయండి. ఊలు గుచ్చుకుంటోందనే ఫిర్యాదు కూడా దాంతో తగ్గుతుంది.

ముందు పట్టీ వంకర్లు పోతోంది, లేదా పైకి లాగుతోంది

వంకర్లు పోతే కుట్లు ఎక్కువ, లాగితే తక్కువ. మొదటి వరసలో ప్రతి డబుల్ మీద ఒక సింగిల్ వేసి చూడండి. వంకర్లు వస్తే ప్రతి పదో కుట్టు వదిలేయండి, లాగితే హుక్కు అర సైజు పెంచండి. రెండో వరసలోనే తెలిసిపోతుంది. పట్టీ మొత్తం అయ్యేదాకా ఆగొద్దు.

మధ్య రింగు మెలితిరిగింది, వరస కలిపిన గీత ఏటవాలుగా పోతోంది

ఎప్పుడూ ఒకే వైపు నుంచి అల్లుతున్నారు. ప్రతి వరస తర్వాత ముక్కను తిప్పి అల్లండి, గీత నిటారుగా వస్తుంది.

వీపు కుట్టు ఒత్తుకుంటోంది

కుర్చీలో ఆనుకున్నప్పుడు వెన్ను మీద గట్టుగా తగులుతుంది. స్లిప్ స్టిచ్‌తో కలిపిన కుట్టు విప్పి, లావు సూదితో రెండు అంచుల బయటి దారాలను మాత్రమే పట్టుకుని చుట్టు కుట్టు వేస్తే చదునుగా కూర్చుంటుంది. భుజాలకు మాత్రం స్లిప్ స్టిచ్చే మంచిది, బరువు మోసేది అదే. చేతి అంచు నుంచి మొదలుపెట్టి మెడ దగ్గర మూడు నాలుగు అంగుళాలు వదిలేస్తే ఆ భాగం ముందుకు మడిచి కాలరవుతుంది.

నెల తిరిగేసరికి మోకాళ్ల దాకా సాగింది

నూలుతో అల్లితే ఇది ఎక్కువ, దాని బరువే దాన్ని కిందికి లాగుతుంది. అక్రిలిక్ అయితే తడి స్వెటర్‌ను దండెం మీద వేశారేమో గుర్తు చేసుకోండి. మళ్లీ తడిపి, తువ్వాలులో చుట్టి నీళ్లు ఒత్తేసి, చాప మీద కావలసిన కొలతకు సర్ది నీడలో ఆరబెట్టండి. వెనక మెడ పొడవునా, భుజం కుట్ల మీదా లోపలి వైపు బిగువుగా ఒక స్లిప్ స్టిచ్ వరస వేస్తే మళ్లీ సాగదు. ఇస్త్రీ పెట్టకండి. వేడికి అక్రిలిక్ ఒకసారి చచ్చుబడితే ఆ సాగుడు ఇక వెనక్కి రాదు. గొర్రె ఊలైతే వేడినీళ్లలో నానబెట్టొద్దు, ముడుచుకుపోయి పిల్లల స్వెటరవుతుంది, దాన్ని సాగదీసే ఉపాయం లేదు.